ఇంట్లో చేసిన శాడిల్, నట్, షిమ్: బేస్ గిటార్‌కు మన చేతులతో ఏవి చేయవచ్చు? (చర్చ; ప్రతి భాగం మొదట ఉన్నది రాసినవారి మారుపేరు)

నాలుగు తీగలు:
నా దగ్గర నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ ఒకటి ఉంది. స్కేలు పొడవు (తీగ మోగే భాగం పొడవు) 34 అంగుళాలు, అంటే దాదాపు 864 మిల్లీమీటర్లు. నెక్‌ను, అంటే తీగలు నొక్కే పొడవాటి కర్రను, బాడీకి నాలుగు స్క్రూలతో బిగించారు. పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి) రెండూ సింగిల్ కాయిల్, అంటే ఒక్కొక్క తీగచుట్ట ఉండే రకానివి. చాలా కాలం వాడిన మీదట దీనిలో కొన్ని లోపాలు బయటపడ్డాయి. జి తీగ శాడిల్‌లో (బాడీ మీది బ్రిడ్జ్‌లో తీగ ఆనే చిన్న లోహపు ముక్కలో) ఎత్తును సరిచేసే స్క్రూకు మర అరిగిపోయి, వాయిస్తుండగానే శాడిల్ ఒక పక్కకు కుంగుతోంది. నట్‌లో (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీలో) ఇ తీగ గాడి అంచు విరిగింది. శాడిళ్లన్నిటినీ బ్రిడ్జ్ ప్లేటుకు ఆనేదాకా దించినా, 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం 3.5 మి.మీ. ఉంటోంది; నాకు 2.2 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. వీటికి తోడు ఆంప్లిఫయర్‌లో ఎడతెగని హోరు వినిపిస్తోంది, తీగల మీద చేయి వేస్తే అది కొంత తగ్గుతుంది.

కొత్త భాగాలు కొని తగిలించవచ్చునని నాకు తెలుసు. అయితే ఈ వాయిద్యం మీదే నేను బేస్ నేర్చుకున్నాను, అందువల్ల దీనికి కావలసినవి వీలైనంతవరకు స్వయంగా చేయాలని ఉంది. 6 మి.మీ. అల్యూమినియం కడ్డీతో పలుచని శాడిళ్లు చేస్తే తీగలు ఇంకా కిందికి దిగుతాయన్నది నా ఆలోచన. నట్‌ను యాక్రిలిక్ ముక్కతో, బొటనవేలి ఆసరాను చెక్కతో చేద్దామనుకుంటున్నాను. చేతి డ్రిల్, హాక్సా, ఆకురాళ్లు, చిన్న వైస్, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ నా దగ్గర ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని రాస్తున్నాను.

ఆకురాయి:
మీ ఆలోచన నాకు నచ్చింది గానీ, శాడిల్ దగ్గర మొదలుపెట్టడం సరికాదని అనుకుంటున్నాను. మామూలు మందం తీగల సెట్టును శ్రుతి చేస్తే నాలుగూ కలిసి 70 కిలోలకు మించిన బలంతో లాగుతాయి. కాబట్టి ఇంట్లో ఏ భాగం చేయబోయినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే: తీగ దీని మీద ఆనుతుందా, ఆనదా? ఆనేదైతే గట్టి పదార్థం కావాలి, కొలత పదో వంతు మిల్లీమీటరు దాకా సరిపోవాలి. ఆననిదైతే చేతికి దొరికిన దేనితోనైనా చేసి చూడవచ్చు. మీ జాబితాలో బొటనవేలి ఆసరా రెండో రకం. దానిని ఏ చెక్కతోనైనా చేసి, రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, చేయి అలవాటు పడిన తరువాతనే స్క్రూ వేయండి; దాని గురించి ఇంతకు మించి చర్చ అక్కరలేదు. శాడిల్, నట్, నెక్ కూర్చునే చోటు మాత్రం మొదటి రకానివి.

శాడిళ్లు అట్టడుక్కు దిగినా యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) తగ్గడం లేదంటే లోపం శాడిల్‌ది కాదు, నెక్ కోణానిది. పలుచని శాడిల్ చేస్తే ఆ లోపం కప్పబడుతుంది, తీగ శాడిల్ మీద వంగే కోణం కూడా తగ్గి పట్టు సడలుతుంది. ముందు నెక్ కోణం, తరువాత శాడిల్, ఆ తరువాత నట్, చివరికి వైరింగ్ అన్న వరుసలో వెళ్లండి. ఎంత ఎత్తు శాడిల్ కావాలో నెక్ కోణం తేలనిదే తెలియదు.

కర్రపని:
ఆకురాయి గారు చెప్పిన వరుస సరైనది. ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) సరిగా ఉందో లేదో ముందుగా చూసుకోండి. ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి, నడుమ ఏడో ఫ్రెట్ మీద ఎడం చూడండి. అది పావు మిల్లీమీటరు నుంచి 0.4 మి.మీ. లోపు ఉంటే ట్రస్ రాడ్ జోలికి పోనక్కరలేదు.

ఇప్పుడు లెక్క. 12వ ఫ్రెట్ స్కేలుకు సరిగ్గా సగంలో ఉంటుంది కనుక, అక్కడ 1.3 మి.మీ. తగ్గాలంటే శాడిల్ దగ్గర దానికి రెట్టింపు, అంటే 2.6 మి.మీ. తగ్గాలి. శాడిల్ స్క్రూ మళ్లీ అట్టడుగున ఇరుక్కోకుండా, పైకీ కిందికీ తిప్పుకునే వీలుండాలి కనుక ఇంకో 1.4 మి.మీ. కలుపుకోండి. మొత్తం 4 మి.మీ. నెక్ కూర్చునే పాకెట్ పొడవునూ, పాకెట్ ముందు అంచు నుంచి శాడిల్ దాకా ఉన్న దూరాన్నీ మీ వాయిద్యం మీద కొలవండి. మొదటిది 80 మి.మీ., రెండోది 340 మి.మీ. అనుకుందాం. నాలుగును ఎనభైతో హెచ్చించి 340తో భాగిస్తే 0.94 వస్తుంది. అంటే పాకెట్‌లో బ్రిడ్జ్ వైపు గోడ దగ్గర 0.94 మి.మీ. మందం ఉండి, ముందు అంచు దగ్గర సున్నాకు వచ్చే ఏటవాలు షిమ్, అంటే నెక్ కింద పెట్టే పలుచని ముక్క, కావాలి. అంత చిన్న ముక్క బ్రిడ్జ్ దగ్గరకు వచ్చేసరికి నాలుగు మిల్లీమీటర్ల తేడా తెస్తుంది కాబట్టే ఈ కొలతలో తొందర పనికిరాదు.

దీనిని మేపుల్ వెనీర్‌తో (పలుచని చెక్క పొరతో) చేయండి. 0.6 మి.మీ. వెనీర్ ముక్కలు రెండింటిని చెక్క జిగురుతో అతికించి, ఒక రాత్రంతా బరువు కింద ఉంచండి. మరునాడు పాకెట్ ఆకారానికి కోసి, చదునైన చెక్క దిమ్మ మీద రెండువైపులా అంటుకునే టేపుతో నిలిపి, గరుకు కాగితం చుట్టిన మరో దిమ్మతో ఒక కొస వైపే ఎక్కువసార్లు రుద్దండి. వెనీర్ మీద ముందుగానే 10 మి.మీ.కు ఒకటి చొప్పున అడ్డంగా పెన్సిల్ గీతలు గీసుకుంటే, ఏ గీత ముందు చెరుగుతోందో చూసి వాలు ఎటు పోతోందో తెలుసుకోవచ్చు. పలుచని కొస వెలుతురుకు పట్టి చూస్తే వేలు నీడ కనబడేంతగా రావాలి. చివరగా స్క్రూల కోసం నాలుగు బెజ్జాలు చేయండి. పాకెట్‌లో అతికించవద్దు, నెక్ బిగింపే దానిని పట్టి ఉంచుతుంది, వద్దనుకున్న రోజు తీసివేయవచ్చు.

నెక్ విప్పినప్పుడు స్క్రూల బెజ్జాలు కూడా చూడండి. అవి వదులైతే గుండ్రటి కర్ర పుల్లను కొట్టి నింపడం చాలామంది చేసే పని, కానీ అలా చేస్తే స్క్రూ మర పుల్ల నారకు సమాంతరంగా దిగి పట్టు తక్కువవుతుంది. నార అడ్డంగా ఉండేటట్లు పలక నుంచి కోసిన బిరడాతో నింపి, మళ్లీ సన్నని బెజ్జం వేయడం మేలు.

మంద్రస్వరం:
కర్రపని గారి లెక్కను కాదనను. అయితే ఏటవాలు షిమ్ తప్పనిసరి అన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. నా బేస్‌లో పాకెట్ బ్రిడ్జ్ వైపు గోడ పక్కన మడిచిన అట్ట ముక్క ఒకటి ఉంది. ఎన్నో ఏళ్లుగా అలాగే వాయిస్తున్నాను, స్వరంలో లోటు నాకు వినిపించలేదు. గిటార్ల తయారీ సంస్థ ఫెండర్ కర్మాగారం నుంచే అట్ట షిమ్‌లతో వచ్చిన పాత వాయిద్యాలు ఉన్నాయి. కొత్తగా పని నేర్చుకునేవారు ముందు అట్టతో పరీక్షించి, కోణం సరిపోయిందని తేలాక చెక్కది చేసుకుంటే రెండుసార్లు వెనీర్ పాడుచేసుకునే బాధ తప్పుతుంది.

తీగ ఆనే భాగం, ఆనని భాగం అన్న విభజన నాకు చాలా నచ్చింది. ఇంట్లో చేసిన భాగాలు అనగానే నాకు క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే గిటార్ గుర్తుకు వస్తుంది. అది బేస్ కాదు, అయినా ఇక్కడ చెప్పుకోదగినది. 1963లో తండ్రితో కలిసి మొదలుపెట్టిన ఆ గిటార్ నెక్‌ను పాత నిప్పుగూటి చెక్కతో చేశారు, ఫ్రెట్ గుర్తులకు ముత్యపు చిప్ప గుండీలు వాడారు, ట్రెమొలో (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే అమరిక) చేతికి అల్లిక సూది కొస తొడిగారు. కానీ తీగల లాగుడంతా పడే ట్రెమొలోకు వచ్చేసరికి అది ఉక్కు కత్తి అంచు మీద ఊగుతుంది, దానికి ఎదురు లాగేవి మోటారు సైకిలు వాల్వ్ స్ప్రింగులు. గుండీ ఎక్కడ సరిపోతుందో, ఉక్కు ఎక్కడ కావాలో వారికి స్పష్టంగా తెలుసు. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ కూడా ఫ్రెట్లు తీసిన తన బేస్ ఫింగర్‌బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ పూత వేసుకున్నారు. పైన లోహం చుట్టిన తీగలు మెత్తని చెక్కను తినేస్తాయి, అందుకే తీగ ఆనే తలానికి ఆ గట్టిదనం అవసరమైంది.

కర్రపని:
పరీక్షకు అట్ట వాడటానికి నాకు అభ్యంతరం లేదు, పైగా అది మంచి సూచన. అట్టను శాశ్వతంగా ఉంచితే పాకెట్ నడుమ ఖాళీ మిగులుతుంది, స్క్రూల బిగింపు ఆ ఖాళీ మీద నెక్ మడమను కొద్దికొద్దిగా వంచవచ్చు. నేను ఏటవాలు షిమ్ వైపు మొగ్గేది స్వరం కోసం కాదు, ఈ కారణం చేతనే.

ఆకురాయి:
ఇక శాడిల్ సంగతి. అల్యూమినియం మెత్తనిది, ఇ తీగ చుట్టు దాని మీద త్వరగా గాడి పెడుతుంది, సన్నని మరలు కూడా అందులో తొందరగా అరుగుతాయి. 8 మి.మీ. ఇత్తడి కడ్డీ తీసుకోండి. బ్రిడ్జ్ దగ్గర తీగల ఎడం సాధారణంగా 19 మి.మీ. ఉంటుంది కనుక, ముక్కలను 17.5 మి.మీ. పొడవున కోస్తే పక్కదానితో రాసుకోకుండా కదులుతాయి. ఒక్క జి శాడిల్ కాక నాలుగూ చేయండి. అప్పుడు నాలుగు తీగల స్వరమూ ఒకే తీరుగా ఉంటుంది.

ప్రతి ముక్కకు మూడు బెజ్జాలు కావాలి. నిలువుగా రెండు చివర్లలో ఎత్తు స్క్రూలకు రెండు, నడిమికి అడ్డంగా ఇంటొనేషన్ స్క్రూకు (శాడిల్‌ను ముందుకూ వెనక్కూ జరిపి స్వరం సరిచేసేదానికి) ఒకటి. మూడూ ఎం3 (3 మి.మీ.) మరలే కనుక 2.5 మి.మీ. బిట్‌తో బెజ్జం వేసి ట్యాప్‌తో మర కోయాలి. గుండ్రటి కడ్డీ మీద బిట్ జారుతుంది. అందుకని గట్టి చెక్క దిమ్మలో వి ఆకారపు గాడి కోసి, కడ్డీని అందులో పడుకోబెట్టి వైస్‌లో బిగించండి. బెజ్జం పడవలసిన చోట ఆకురాయితో 2 మి.మీ. వెడల్పు చదును చేసి, దాని నడిమిన సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టండి. ఇత్తడి విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది: బిట్ అవతలి పక్కకు తేలే క్షణంలో ఇత్తడి దానిని పట్టి లోపలికి లాగేస్తుంది, ముక్క వైస్ నుంచి ఎగిరిపోవచ్చు, బిట్ విరగవచ్చు. బిట్ కోత అంచులను సానరాయి మీద కొద్దిగా, కంటికి సన్నని మెరుపు గీత కనబడేంత వరకు మొద్దు చేస్తే అది కోయడం మాని గీకుతుంది, ఆ లాగుడు పోతుంది. కంటి రక్షణకు వాడే అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయవద్దు.

ట్యాప్‌ను ఒక చుక్క నూనెతో అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ దించండి. మర అంతా కోశాక ఇంటొనేషన్ బెజ్జానికి తగలకుండా పక్కగా తీగ కోసం లోతులేని గాడి తీయండి. తీగ పక్కకు జారకుండా ఉంటే చాలు. చివరికి నున్నని ఎమరీ పేపరుతో మొత్తం రుద్ది, గాడి అంచుల మీద చిన్న గరుకైనా మిగలకుండా చూడండి. తీగలు మాటిమాటికీ శాడిల్ దగ్గరే తెగిపోతున్నాయంటే చాలాసార్లు కారణం అక్కడ మిగిలిన గరుకే.

నాలుగు తీగలు:
అట్టతో పరీక్షించాను, కోణం లెక్కకు దగ్గరగా వచ్చింది. ఏటవాలు షిమ్ కూడా పూర్తయింది. నా పాకెట్ 82 మి.మీ. ఉండటంతో మందం కొంచెం మార్చుకోవలసి వచ్చింది. శాడిళ్లలో రెండు సరిగా వచ్చాయి. మూడోదానిలో ఎత్తు స్క్రూ బెజ్జం నిలువుగా కాక ఒక పక్కకు వాలింది. స్క్రూ ఎక్కిస్తే శాడిల్ ప్లేటు మీద ఒంటి కాలిపై నిలిచినట్లు ఊగుతోంది. దానిని సరిచేసే దారి ఏమైనా ఉందా, లేక కొత్త ముక్క కోయాలా?

ఆకురాయి:
కొత్త ముక్క కోయండి. వాలిన బెజ్జాన్ని పెద్దది చేసి సరిదిద్దబోతే మర గోడ పలచబడుతుంది, అది ఇప్పుడు మీ పాత శాడిల్‌కు పట్టిన గతే. ఈసారి బిట్ పక్కన చిన్న మూలమట్టాన్ని నిలబెట్టి, ముందు నుంచీ పక్క నుంచీ రెండుసార్లు చూసి డ్రిల్ నొక్కండి. ముందు 1.5 మి.మీ. బిట్‌తో దారి చేసి, ఆ తరువాత 2.5 మి.మీ. వాడితే చెయ్యి వణికినా బెజ్జం పక్కకు పోదు.

మంద్రస్వరం:
ఈ లోగా నట్ గురించి రాస్తాను. యాక్రిలిక్ పనికి వస్తుంది గానీ, గాడి తీసేటప్పుడు వేడికి మెత్తబడి ఆకురాయికి అంటుకుంటుంది. కొవ్వు తీసి ఆరబెట్టిన ఎముక ముక్క మేలు. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ముందు నట్ ముక్కను గాడిలో బిర్రుగా కూర్చునేటట్లు రుద్దుకోండి. తరువాత ఒక పెన్సిల్‌ను నిలువునా సగానికి, లోపలి సీసం కూడా సగమయ్యేటట్లు రుద్దండి. ఆ చదును ముఖాన్ని మొదటి రెండు మూడు ఫ్రెట్ల మీద ఆనించి అటూ ఇటూ జరిపితే, నట్ ముఖం మీద ఫ్రెట్ల ఎత్తున ఒక గీత పడుతుంది. తీగ గాడుల అడుగు ఆ గీతకు కొద్దిగా పైన ఆగాలి, గీతను దాటి కిందికి పోకూడదు. నట్ చేయడంలో దీనికన్నా నమ్మదగిన కొలత నేను చూడలేదు.

గాడుల ఎడం విషయంలో చాలామంది పొరబడేది తీగల నడిమి గీతల మధ్య సమాన దూరం పెట్టడం. బేస్ తీగల మందాల్లో తేడా ఎక్కువ కాబట్టి అలా పెడితే ఇ, ఎ తీగల మధ్య ఇరుకుగా ఉన్నట్లు వేలికి తెలుస్తుంది. సమానంగా ఉండవలసింది తీగల అంచుల మధ్య ఖాళీ. 45, 65, 85, 105 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) మందాలు 1.14, 1.65, 2.16, 2.67 మి.మీ.; మొత్తం 7.62. నట్ వెడల్పు 38 మి.మీ. అనుకుని రెండు అంచులలో మూడేసి మిల్లీమీటర్లు వదిలితే 32 మిగులుతుంది, అందులో తీగల మందం పోగా 24.38. దానిని మూడుతో భాగిస్తే ప్రతి ఖాళీకి 8.13 మి.మీ. వస్తుంది. ఒక కాగితం చీటీ మీద ఈ కొలతలు గుర్తు పెట్టి, దానినే నట్ మీద అతికించి గాడులు మొదలుపెట్టండి.

నట్ ఆకురాళ్లు లేకపోతే గాడి వెడల్పుకు కాస్త తక్కువ మందం ఉన్న డ్రిల్ బిట్ కాడకు 400 నంబరు ఎమరీ పేపరు చుట్టి వాడవచ్చు. రంపపు సన్నని కోతతో దారి చేసుకుని, ఆ తరువాత దీనితో గుండ్రం చేయండి. గాడి అడుగు తల వైపు కొద్దిగా వాలాలి. తీగ మందంలో సగం గాడిలో ఉంటే చాలు, మిగిలిన ఎముకను పైనుంచి రుద్దివేయండి. లోతు సరిపోయిందో లేదో తెలియడానికి తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద వెంట్రుక పట్టేంత సందు ఉందేమో చూడండి. ఒకవేళ లోతు ఎక్కువైతే ఆ గాడిని ఎముక పొడితో నింపి, సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, గట్టిపడ్డాక మళ్లీ తీయండి. నేను చేసిన మొదటి నట్‌లో రెండు గాడులు అలా నింపినవే, ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

తీగచుట్ట:
హోరు సంగతి నేను చెబుతాను. చేయి వేస్తే తగ్గుతోందంటే తీగలకు గ్రౌండు అందుతోంది, తీగల ద్వారా మీ శరీరం కూడా గ్రౌండుకు కలుస్తోంది. లోటు బాడీ లోపలి గుంతలకు కవచం లేకపోవడం. సింగిల్ కాయిల్ పికప్‌లు రెండింటిలో చుట్టు దిశా, అయస్కాంత ధ్రువమూ ఎదురెదురుగా ఉంటే, రెండు వాల్యూములూ సమానంగా పెట్టినప్పుడు హోరు చాలావరకు రద్దవుతుంది. ఒక్క పికప్ వాడినప్పుడే ఎక్కువగా వినబడితే మీవి ఆ రకమే. కవచం వేసినా ఒంటి పికప్ హోరు పూర్తిగా పోదు, ఎందుకంటే అయస్కాంత క్షేత్రం ద్వారా వచ్చే హోరును పలుచని రేకు ఆపలేదు. ముందే ఈ మాట చెప్పడం మంచిదనుకున్నాను.

కవచానికి రాగి టేపు లేకపోతే వంటింటి అల్యూమినియం రేకు కూడా పని చేస్తుంది. రెండు ఇబ్బందులున్నాయి. దానికి సోల్డర్ సులభంగా అంటదు కాబట్టి గ్రౌండు తీగ కొసకు రింగ్ టెర్మినల్ తొడిగి, రేకు మీదుగా చిన్న స్క్రూతో చెక్కలోకి బిగించండి. ఒక ముక్క మీద మరో ముక్క పడే చోట జిగురు అడ్డుపడి విద్యుత్తు ప్రవహించదు కాబట్టి అంచును లోపలికి మడిచి లోహానికి లోహం తగిలేటట్లు నొక్కండి. మల్టీమీటర్ ఒక మొనను గ్రౌండుకు, రెండోదానిని రేకు ప్రతి ముక్కకూ తాకించి చూడండి. ఒక ఓమ్ లోపు రావాలి. జాక్ లోపలి సిగ్నల్ పలక రేకును తాకితే శబ్దం పూర్తిగా పోతుంది, ఆ చోట ఇన్సులేషన్ టేపు రెండు పొరలు వేయండి.

మీ శాడిళ్లు ఇత్తడివి కావడం దీనికీ మేలే. బ్రిడ్జ్ కింద గ్రౌండు తీగ ప్లేటును తాకుతోందో లేదో మాత్రం శాడిళ్లు మార్చేటప్పుడే చూసుకోండి. శాడిళ్లకు లక్క పూత వేసే ఆలోచన ఉంటే తీగ ఆనే చోటనూ, స్క్రూల కింది కొసలనూ వదిలేయండి.

నాలుగు తీగలు:
పని దాదాపు పూర్తయింది. నాలుగో శాడిల్‌ను మూలమట్టం పెట్టి చేశాను, నిలువుగా వచ్చింది. 12వ ఫ్రెట్ దగ్గర జి తీగ 2.1, ఇ తీగ 2.4 మి.మీ. ఉన్నాయి, శాడిల్ స్క్రూలకు కిందికీ పైకీ తిరిగే చోటు మిగిలింది. ఎముక నట్‌లో డి గాడి ఒకసారి లోతుగా దిగిపోయింది. పొడి, గ్లూ నింపి మళ్లీ తీశాను. రెండు పికప్‌లు కలిపి వాయిస్తే హోరు వినబడటం లేదు, ఒక్కటే వాడితే కొంచెం ఉంది, తీగచుట్ట గారు చెప్పినట్లే. చాలా కాలం తరువాత ఖాళీ ఇ తీగ మీటితే శబ్దం చివరిదాకా చెదరకుండా నిలిచింది. ఆ క్షణం నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో పెట్టలేను.

రెండు చిక్కులు మిగిలాయి. ఇంటొనేషన్ సరిచేస్తున్నప్పుడు ఇ తీగ 12వ ఫ్రెట్ మీద నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా ఇంకా కాస్త ఎక్కువగా ఉంది, అంటే శాడిల్ ఇంకా వెనక్కి రావాలి. కానీ స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి స్క్రూ ఇక తిరగడం లేదు. రెండోది, ఎ తీగను ఖాళీగా మీటితే నట్ దగ్గర సన్నని జివ్వుమనే శబ్దం వస్తోంది. ఏ ఫ్రెట్ నొక్కినా అది మాయమవుతుంది.

ఆకురాయి:
ఇ శాడిల్ స్ప్రింగును తీసి దాచి, దాని చోట రెండు మూడు చుట్లు తగ్గించిన మరో స్ప్రింగు వేయండి. అది కూడా ఇరుకైతే స్ప్రింగు లేకుండానే బిగించవచ్చు, తీగ నొక్కుడే ఆ శాడిల్‌ను కదలకుండా పడుతుంది. స్క్రూ తిప్పే ముందు ప్రతిసారీ తీగను కొంచెం వదులు చేయండి, లేకపోతే కొత్త ఇత్తడి మర అరుగుతుంది.

మంద్రస్వరం:
ఎ తీగ శబ్దానికి కారణం గాడి వాలు. తీగ ఫింగర్‌బోర్డు వైపు అంచు నుంచి లేవాలి. మీ గాడిలో అడుగు నడుమనో, తల వైపో ఎత్తుగా ఉండి, తీగ ముందు అంచు మీద వదులుగా తగిలి జివ్వుమంటోంది. తీగను పక్కకు తప్పించి, బిట్ కాడకు చుట్టిన ఎమరీ పేపరును తల వైపు కొద్దిగా వంచి నాలుగైదు సార్లు మాత్రమే లాగండి. ముందు అంచును అసలు తాకవద్దు. దానిని తాకితే లోతు మారి మొదటి ఫ్రెట్ మీద సందు పోతుంది. ప్రతి రెండు లాగుళ్లకు ఒకసారి తీగ వేసి వినండి.

నాలుగు తీగలు:
ఆరు లాగుళ్లకు ఎ తీగ శబ్దం పోయింది, మొదటి ఫ్రెట్ మీద సందు అలాగే ఉంది. ఇ శాడిల్‌కు పొట్టి స్ప్రింగు వేశాను, ఒకటిన్నర మిల్లీమీటరు వెనక్కి వచ్చాక నొక్కిన స్వరం, హార్మోనిక్ ఒకటయ్యాయి. పాత శాడిళ్లు, విరిగిన నట్, పరీక్షకు వాడిన అట్ట ముక్క అన్నీ ఒక డబ్బాలో పెట్టి, షిమ్ మందమూ గాడుల కొలతలూ రాసిన చీటీని కూడా అందులోనే ఉంచాను. రేపు బొటనవేలి ఆసరా చెక్క కోయడం మొదలుపెడతాను.